అది నా రిపోర్టు

టోల్ గేటులో మూడో లైను ఆమెది. గాజు గది. లోపల ఒక స్టూలు, ఒక కంప్యూటరు, తిరుగుతూనే ఉండి గాలి ఇవ్వని చిన్న ఫ్యాను. కిటికీ అద్దం ఎప్పుడూ సగం తెరిచే ఉంటుంది. అందులోంచి చేతులు వస్తాయి, పొగ వస్తుంది, తిట్లు వస్తాయి. డ్రైవర్లు ఆమెను గేటక్క అంటారు. మెల్లగా తోటి ఉద్యోగులూ అదే అన్నారు. ఇప్పుడు ఇంటిపక్క వాళ్ళు కూడా అదే అంటున్నారు.

నలభైకి దగ్గర పడుతున్న మనిషి. పిల్లలిద్దరూ హాస్టల్లో చదువుతున్నారు. భర్త బోరు బండి మీద పనిచేస్తాడు. నీళ్ళ కోసం నేల తొలిచే ఆ బండి ఊరూరా తిరుగుతుంది. అతను వచ్చాడంటే నాలుగు రోజులుంటాడు, వెళ్ళాడంటే నెలలు.

గేటులో పనిచేసే ఆడవాళ్ళు నీళ్ళు తాగరు. తాగవద్దని ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన పని లేకుండా ఏర్పాటు చేశారు. మరుగుదొడ్డి రోడ్డుకు అవతలి చివర ఉంది. లైను ఖాళీగా వదలకూడదు. బదులు మనిషి వచ్చి కూర్చున్నాకే లేవాలి. అన్ని లైన్లకూ కలిపి బదులు మనిషి ఒక్కతే. ఆమెను పంపేది సూపర్‌వైజరు. అతనికి ఫోన్ చేస్తే ఎప్పుడూ ఒకటే జవాబు. "ఇంకో పది బళ్ళు పంపి వెళ్ళమ్మా." పది పోయాక వెనకాల ఇంకో పది ఉంటాయి. అందుకే అతను పది బళ్ళ సారు అయ్యాడు.

కొత్తగా చేరినవాళ్ళకు మొదటి వారంలోనే పాతవాళ్ళు నేర్పుతారు. బయల్దేరే ముందు ఒక గుక్క. అన్నం తిన్నాక ఒక గుక్క. మరీ దాహమైతే పుక్కిలించి ఉమ్మెయ్యడమే.

అందరికీ ఎప్పుడో ఒకప్పుడు మంట వచ్చేది. దాన్ని వేడి చేసింది అనేవాళ్ళు. విశ్రాంతి గదిలో, అద్దం కింద, ఒక పాత బిస్కెట్ల డబ్బా ఉండేది. ఎవరికైనా డాక్టరు మాత్రలు రాస్తే, మంట తగ్గేదాకా వేసుకుని, మిగిలినవి అందులో వేసేవాళ్ళు. పూర్తిగా తామే మింగడం స్వార్థంలా అనిపించేది. తర్వాతి మనిషికి అవసరం పడుతుంది కదా. ఆ డబ్బా వాళ్ళు ఒకరికొకరు చేసుకునే సాయం. దాని మీద వాళ్ళకు కొంచెం గర్వం కూడా ఉండేది.

గేటు దాటాక లారీలు ఆగే మైదానం ఉంది. అక్కడ అప్పుడప్పుడూ ఒక గుడారం వేస్తారు. లారీ డ్రైవర్లకు ఉచితంగా రక్తపరీక్షలు, సుఖవ్యాధుల పరీక్షలు చేస్తారు. ఒకసారి గేటక్క డ్యూటీ దిగి నేరుగా అక్కడికి వెళ్ళింది.

"మాకు చెయ్యరా?"

"ఇది డ్రైవర్లకమ్మా" అన్నాడు బల్ల వెనక ఉద్యోగి.

"డ్రైవర్ల పెళ్ళాలకో?"

అతను నవ్వాడు. పెట్టెలోంచి కండోమ్ పాకెట్టు ఒకటి తీసి ఇచ్చాడు. "ఇంటికి పట్టుకెళ్ళండి."

ఆమె పట్టుకెళ్ళింది.

ఆమె కిటికీ లారీ క్యాబిను ఎత్తులో ఉంటుంది. కాబట్టి క్యాబిన్లలో ఏముందో కనిపిస్తుంది. బోరు బళ్ళు ఆ లైన్లోంచి చాలా పోతాయి. ముగ్గురు కూర్చునే సీట్లో ఒక్కోసారి నాలుగో మనిషి ఉంటుంది, తల వంచుకుని, కొంగు చెంప మీదికి లాక్కుని. ఆ ఆడమనిషిని గేటక్క ఎన్నడూ తప్పు పట్టలేదు. తన భర్త బండి ఏ గేటులోంచి పోతోందో, ఆ కిటికీలోంచి ఎవరు చూస్తున్నారో అని మాత్రం అనుకునేది.

అతను ఇంటికొచ్చిన రోజు ఆమెకు సెలవు. మధ్యాహ్నం. స్నానం చేసి వచ్చి తలుపు గడియ పెట్టాడు. ఆమె సంచిలోంచి పాకెట్టు తీసి మంచం మీద పెట్టింది.

"ఇదేంటి?"

"చూస్తే తెలీదా?"

"ఆపరేషనై ఎన్నేళ్ళయింది! ఇప్పుడిదెందుకు?"

"పిల్లలు పుడతారని కాదు."

అతనికి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక నవ్వాడు. అది మంచి నవ్వు కాదు.

"అంటే, నాకా? కట్టుకున్న మొగుడికా ఇది? నేనేమన్నా దారిన పోయేవాణ్ణా?"

"నెలల తరబడి దారి మీదే కదా ఉంటావు."

"ఎక్కడిదిది?"

"గేటు దగ్గర. లారీలవాళ్ళకిచ్చేది."

"లారీలవాళ్ళకిచ్చేది నీ సంచిలోకెందుకొచ్చింది?"

దానికి ఆమె దగ్గర జవాబుంది. చెప్పడం మొదలుపెడితే గొంతులు లేస్తాయి. అవతలి వాటాలో అతని అక్క ఉంటుంది. రెండు వాటాలకూ మధ్య గోడ ఒక్కటే. ఆమె ఊరుకుంది. పాకెట్టు తీసి కిటికీ మీద పెట్టింది. అది అక్కడే ఉండిపోయింది.

అతను వెళ్ళిపోయాక వారం తిరక్కుండా మంట మొదలైంది.

ఇప్పుడే వెళ్ళి వచ్చినా మళ్ళీ వెళ్ళాలనిపించేది. వెళ్తే నాలుగు చుక్కలు. ఆ నాలుగు చుక్కలకే గోడ పట్టుకోవలసి వచ్చేది. పొత్తికడుపులో బరువు. ఇంతకుముందూ ఆమెకు వేడి చేసింది. అప్పుడు నొప్పి ఉండేది, భయం ఉండేది కాదు. ఇప్పుడు ఆ మధ్యాహ్నం ఉంది, కిటికీ మీద విప్పని పాకెట్టు ఉంది.

బాత్రూము పెరట్లో, రెండు వాటాలకూ ఒకటే. వదిన వక్కలు నములుతూ గడపలో కూర్చుని లోకాన్ని గమనిస్తూ ఉంటుంది.

"ఏంటే, బాత్రూంలో కాపురం పెట్టావా? మేమెక్కడికి పోవాలి?"

"వేడి చేసింది వదినా."

"మావాడు వచ్చిపోయాక వేడి చెయ్యదా మరి!"

వదిన నవ్వు వీధి చివరిదాకా వెళ్ళింది. గేటక్క చెంబు కడిగి బోర్లించి లోపలికి వచ్చింది.

గేటులో రెండో లైను మనిషిని పొడుగమ్మ అంటారు. తల వంచకుండా తన గాజు గదిలోకి రాలేదు. డబ్బా బాధ్యత ఆమెదే.

"ముఖమేంటే అలా పీక్కుపోయింది?"

"వేడి."

"మీ ఆయన వచ్చాడుగా. అదీ సంగతి."

"నోర్ముయ్యవే."

"మూశాలే. డబ్బాలో గులాబీ రంగువి ఉన్నాయి, కొత్తవి. ఇవాళ రెండు, రేపు రెండు. బ్రహ్మాండంగా పనిచేస్తాయి."

"ఇది వేడి కాకపోతే?"

"ఇంకేమవుతుంది?"

గేటక్క డబ్బా తీసింది. మాత్రలు వేసుకుంది. మంట తగ్గింది. ఒక రోజు ఆమె మామూలు మనిషిలా నడిచింది. ఆ తర్వాత మంట వెనక్కి వచ్చింది. ఈసారి ఎర్రటి జీర కూడా కనిపించింది.

ఆ సాయంత్రం భర్తకు ఫోన్ చేసింది. అవతల యంత్రం రాయిని తొలుస్తోంది. అతను దూరంగా జరిగాడు. చప్పుడు తగ్గింది.

"ఏమయ్యా, నీకు పోసేటప్పుడు మంటేమన్నా ఉందా?"

"ఎందుకు?"

"నాకుంది. నువ్వెళ్ళిన దగ్గర్నుంచీ. నీక్కూడా ఉంటే ఇద్దరం చూపించుకోవాలి."

"నాకేం లేదు."

"లేకపోయినా ఒకసారి పరీక్ష చేయించుకో."

"నీకు మంటొస్తే నాకు పరీక్షా? పొద్దస్తమానం లారీలవాళ్ళ మధ్య కూర్చునేది నువ్వా, నేనా? ఆ పాకెట్లు సంచిలో వేసుకు తిరిగేదెవరు? నువ్వు నన్నడుగుతావా?"

పెట్టేశాడు.

ఆమె ఫోను మంచం మీద పడేసింది. ఏడుపు రాలేదు. వచ్చినది వేరు. తన గాజు గది నాలుగు వైపులా రోడ్డుకు కనిపిస్తుంది. అందులో ముక్కు తుడుచుకున్నా పదిమంది చూస్తారు. అంత బట్టబయలు చోట కూర్చుని ఆమె ఇన్నేళ్ళు పనిచేసింది. అతని క్యాబినుకు తెరలున్నాయి. ఆ తెరల గురించి ఆమె ఒక్క మాట అనలేదు. మంటేమన్నా ఉందా అని అడిగింది. అంతే అడిగింది.

మర్నాడు సెలవు పెట్టి పెద్దాసుపత్రికి వెళ్ళింది. వరండాలో బల్ల దగ్గర నర్సు కూర్చుని ఉంది. బెంచీల నిండా జనం.

"ఏంటి బాధ?"

ఆమె వంగి చెప్పింది.

"మూత్రంలో మంటా?" నర్సు గొంతు వరండా దాటి మెట్ల దాకా పోయింది. "పెళ్ళయిందా? కలిసింది మీ ఆయనతోనేనా, ఇంకెవరన్నా ఉన్నారా?"

బెంచీల మీద తలలు తిరిగాయి. ఒక ముసలాయన తిరగని తలను కూడా కష్టపడి తిప్పాడు.

"అందరికీ వినపడిందా?" అంది గేటక్క, అదే గొంతుతో. "వెనక బెంచీవాళ్ళకి వినపడలేదేమో. ఇంకోసారి అడగండి."

నర్సు ఒక సీసా ఆమె చేతిలో పెట్టి తల దించుకుంది.

రిపోర్టులో ఏమీ లేదు. "ఏం లేదు, నీళ్ళు బాగా తాగు, పో" అంది నర్సు. గేటక్క పోలేదు. మంట ఒంట్లో ఉంది, కాగితం మీద లేదు. కాగితాన్ని నమ్మాలా, ఒంటిని నమ్మాలా? డాక్టరు గది తలుపు దగ్గర నిలబడింది. తన వంతు లేదని పంపేస్తే మళ్ళీ వచ్చి నిలబడింది.

డాక్టరమ్మ పెద్దావిడ. కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి వాటి కోసం బల్ల మీద వెతుకుతోంది.

"పరీక్షకి ముందు మాత్రలేమన్నా వేసుకున్నావా?"

"వేసుకున్నా."

"ఎవరిచ్చారు?"

"డబ్బాలోవి."

"డబ్బాలోవంటే?"

గేటక్క చెప్పింది. తర్వాతి మనిషి కోసం దాచిపెట్టడం గురించి, గులాబీ రంగు మాత్రల గురించి. డాక్టరమ్మకు అద్దాలు దొరికాయి. పెట్టుకుని ఆమెను సరిగ్గా చూసింది.

"ఎంతమంది తింటారు ఆ డబ్బాలోంచి?"

"అందరం."

"సగం సగం మింగితే ఆ క్రిములు చావవు తల్లీ, మొండికేస్తాయి. రేపు నిజంగా అవసరమైనప్పుడు ఆ మాత్ర ఎవరికీ పనిచెయ్యదు. పరీక్షలో కనపడకుండా చేసింది కూడా అవే." తర్వాత గొంతు తగ్గించింది. "నీళ్ళెంత తాగుతావు?"

"రెండు గుక్కలు."

"రోజంతటికీనా?"

"డ్యూటీ అంతటికీ."

డాక్టరమ్మ కలం కింద పెట్టింది. గేటక్క అడగవలసింది అప్పుడే అడిగింది. మధ్యాహ్నం గురించి, పాకెట్టు గురించి, ఫోన్లో మాట గురించి కూడా. చివరికి, "ఇది ఆయన దగ్గర్నుంచి వచ్చిందా?" అంది.

"చూడకుండా చెప్పేవాళ్ళు బయట చాలామంది ఉన్నారు. నేను చూసి చెప్తా. గంటల తరబడి ఆపుకుంటే వస్తుంది. నీళ్ళు తాగకపోతే వస్తుంది. మొగుడూ పెళ్ళాలు కలిశాక మామూలుగా కూడా వస్తుంది, అందులో ఎవరి తప్పూ ఉండదు. సుఖవ్యాధైనా ఇలాగే మొదలవ్వచ్చు. దీని మందు వేరు, దాని మందు వేరు. రెండు పరీక్షలూ చేస్తాను. ఈలోగా దీనికి మాత్రలు రాస్తున్నా. ఆఖరిదాకా నువ్వే మింగు. చలిజ్వరం గానీ నడుం పక్కన నొప్పి గానీ వస్తే ఆగకుండా వచ్చెయ్యి."

"ఆయన?"

"ఆయన్నీ పంపు. మగాళ్ళకు లోపల ఉన్నా చాలాసార్లు బయటికి ఏమీ తెలియదు. మంటా ఉండదు. పరీక్ష అయ్యేదాకా దగ్గరికి రానివ్వకు. ఎప్పుడు రానిచ్చినా తొడుగు అడగడం నీ హక్కు. అడిగి తప్పు చెయ్యలేదు నువ్వు."

ఈ మాటలు ఇంత మామూలు గొంతుతో ఎవరన్నా చెప్పగలరని గేటక్కకు అంతవరకూ తెలియదు.

మర్నాడు ఆమె గాజు గదిలోకి పెద్ద నీళ్ళ సీసా తీసుకెళ్ళింది. పొడుగమ్మ పక్క గదిలోంచి చూసి, "ఏంటే, అది స్నానానికా?" అని కేకేసింది. గేటక్క తాగింది. ఎండ ఎక్కేసరికి సగం అయింది. సూపర్‌వైజరుకు ఫోన్ చేసింది.

"సార్, వెళ్ళాలి. మనిషిని పంపండి."

"ఇంకో పది బళ్ళు పంపి..."

"ఇప్పుడే."

"నీ లైన్లో క్యూ చూశావా అమ్మా? అసలు అన్నన్ని నీళ్ళు ఎవరు తాగమన్నారు?"

"డాక్టరు."

"ఆ డాక్టరొచ్చి గేటు ఎత్తుతాడా?"

గేటక్క ఫోను పెట్టేసింది. మూడో లైను మీద ఎర్రలైటు మీట నొక్కింది. గది తలుపు తీసి బయటికి వచ్చింది. ఎండలో హారన్లు ఒక్కసారిగా లేచాయి. ముందున్న లారీ డ్రైవరు తల బయటపెట్టాడు.

"ఏమైందక్కా? సిస్టం పోయిందా?"

"సిస్టం బాగానే ఉంది. ఒంటేలుకి వెళ్ళొస్తా."

అతను ఒక క్షణం చూశాడు. "అంతేనా! వెళ్ళిరా. నేనూ దిగుతా" అన్నాడు.

ఆమె లైన్లన్నీ దాటి నడిచింది. పరిగెత్తలేదు. తిరిగి వచ్చేసరికి పది బళ్ళ సారు ఎర్రలైటు కింద చెమటలు కక్కుతూ నిలబడి ఉన్నాడు.

"లైనాపుతావా? పైకి రాస్తాను!"

"రాయండి సార్. ఎందుకాపానో కూడా రాయండి. ఆ మాట రాయడానికి సిగ్గయితే నేను చెప్తా, పక్కన కూర్చుని రాద్దురుగానీ."

వెనక డ్రైవర్లు ఈలలు వేశారు. సారు రాశాడు. ఆమెను పిలిపించి సంజాయిషీ అడిగారు. ఆమె ఆసుపత్రి చీటీ బల్ల మీద పెట్టి, మరుగుదొడ్డి ఇటువైపు కట్టండి, లేదా ఇంకో మనిషిని వెయ్యండి అంది. ఆలోచిస్తామన్నారు. వాళ్ళు ఇంకా ఆలోచిస్తున్నారు. కానీ ఆ వారంలోనే రెండో లైను మీదా ఎర్రలైటు వెలిగింది. తల వంచి పొడుగమ్మ బయటికి వచ్చింది.

డబ్బా విషయంలో మాత్రం పొడుగమ్మ అంత తేలిగ్గా ఒప్పుకోలేదు.

"ఇన్నేళ్ళు ఇంతమందికి పనికొచ్చింది."

"పనికొచ్చిందనుకున్నాం. తగ్గినవాళ్ళకి మళ్ళీ రాలేదా? నీకు ఎన్నిసార్లు?"

పొడుగమ్మ మూత బిగించింది. డబ్బాను రెండు రోజులు తన సంచిలో దాచింది. తర్వాత తనే మాత్రలన్నీ కవర్లో కట్టి ఆసుపత్రిలో ఇచ్చి వచ్చింది, అలిగినదానిలా.

రెండో రిపోర్టు వచ్చింది. మూత్రకోశంలో ఇన్ఫెక్షన్. మామూలు క్రిమి. సుఖవ్యాధి లేదు. ఆఖరి మాత్ర నాటికి మంట పోయింది. గేటక్క ఇంటికొచ్చి మెట్ల మీద కూర్చుని ఊపిరి పీల్చుకుంది. ఆ ఊపిరి సగంలో ఉండగానే, కబురు గోడ దాటి బోరు బండి దాకా వెళ్ళిపోయింది. వదిన చెప్పేసింది.

"చూశావా! అనవసరంగా మావాడి మీద పడ్డావు. పాపం, అక్కడ అన్నం కూడా సరిగ్గా తినట్లేదట. వస్తున్నాడు. తప్పయిందని ఒక్క మాట అను, పోతుంది."

"ఎవరి తప్పు వదినా?"

"నీదే. అనుమానించావుగా."

"మంటుందా అని అడిగా. నన్ను ఆయనేమన్నాడో అది కూడా చెప్పాడా నీకు?"

"కోపంలో మగాడు వంద అంటాడు."

"నేను ఒక్కటే అడిగాను. అదీ కోపంలో కాదు."

అతను వచ్చాడు. కాళ్ళు కడుక్కున్నాడు. కుర్చీ వాకిట్లో వేసుకుని, తీర్పు చెప్పేవాడిలా కూర్చున్నాడు. వదిన గడపలోకి వచ్చింది. వక్కలు నమలడం ఆపింది.

"రిపోర్టు వచ్చిందిగా" అన్నాడు.

"వచ్చింది."

"ఏం లేదనే కదా?"

"సుఖవ్యాధి లేదని."

"మరి? ఇంకేం?"

"అది నా రిపోర్టు" అంది గేటక్క. "నీదేది?"

వదిన నోరు తెరిచింది. "మొగుణ్ణి రిపోర్టు అడిగేదాన్ని నిన్నే చూస్తున్నా!"

"చూడు వదినా, బాగా చూడు. లారీలవాళ్ళ మధ్య కూర్చున్నానని నన్నన్నాడు. వెళ్ళాను. అందరి ముందు అరిపించుకున్నాను. సీసాలో పోసి ఇచ్చాను, ఒకసారి కాదు, రెండుసార్లు. నాలో ఏముందో ఇప్పుడు కాగితం మీద ఉంది, కావాలంటే గోడకి అంటించుకోండి. నేనేం తప్పు చెయ్యకుండానే ఇంత చేశా. ఈయనకి ఒక్కసారి వెళ్ళడానికి ఏమైంది?"

"అంటే నేను తిరిగానంటావా?" అన్నాడు అతను.

"నేననలేదు. తిరిగావో లేదో నువ్వు చెప్పలేదు, నేనడగలేదు, ఇప్పుడూ అడగను. పరీక్ష చేయించుకో. అప్పటిదాకా ఆ మంచం మీద నేనొక్కదాన్నే పడుకుంటా. ఆ తర్వాత కూడా, నువ్వు దారి మీద బతికినన్నాళ్ళూ, నేను అడిగితే అది తొడుక్కోవాలి. ఇష్టం లేకపోతే వాకిట్లో గాలి బాగా వస్తుంది."

అతను అక్కవైపు చూశాడు. అక్క ఏదో అనబోయి, తమ్ముడి ముఖం చూసి ఆగిపోయింది. ఆ ముఖంలో కోపం ఉంది. దాని వెనక ఇంకేదో ఉంది. అది భయంలా ఉంది. గేటక్క దాన్ని చూసింది. చూసి పట్టించుకోనట్టు లోపలికి వెళ్ళి దుప్పటీ, దిండూ తెచ్చి కుర్చీ చేతుల మీద పెట్టింది.

రెండు రోజులు అతను వాకిట్లో పడుకున్నాడు. పెట్టింది తిన్నాడు. మాట్లాడలేదు. మూడోనాడు పొద్దున్నే చొక్కా మార్చుకున్నాడు. ఎక్కడికో చెప్పలేదు, ఆమె అడగలేదు. ఆమె డ్యూటీకి జడ వేసుకుంటోంది. చెప్పులేసుకుంటూ, గోడకేసి చూస్తూ అన్నాడు.

"ఆ పరీక్షకి... పరగడుపునే వెళ్ళాలా, తిని వెళ్ళాలా?"

"తిని వెళ్ళు" అంది ఆమె.

అతను తిన్నాడు. తిని, చెయ్యి కడుక్కుని, ఇంకేదో చెప్పేవాడిలా గడపలో కాసేపు నిలబడ్డాడు. చెప్పలేదు. వెళ్ళిపోయాడు. ఫోన్లో అన్న మాటను అతను వెనక్కి తీసుకోలేదు. రిపోర్టు తెచ్చినంత మాత్రాన అది చెల్లిపోదని ఆమెకు తెలుసు. దాని సంగతి అతను తిరిగొచ్చాక అడగాలి. సీసా నిండా నీళ్ళు పట్టుకుని, తలుపు తాళం వేసి, గేటక్క డ్యూటీకి బయల్దేరింది.